పాత ఇంజన్‌లో కార్బన్: డబ్బా పోస్తే పోతుందా, హెడ్డు దింపాల్సిందేనా?

గుంటూరు ఎస్టీమ్ (గుంటూరు) | జూన్ 3, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా నాన్నగారి 2005 ఎస్టీమ్, పెట్రోలు బండి. మీటరు లక్షా ముప్పై ఎనిమిది వేల దగ్గరుంది. నాన్న ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ వారానికోసారి నరసరావుపేట వెళ్ళొచ్చేది. ఆయన రిటైరయ్యాక ఆరేళ్ళుగా నా చేతిలో ఉంది. ఇంటి నుంచి ఆఫీసుకు నాలుగు కిలోమీటర్లు, మళ్ళీ నాలుగు. అంతకు మించి తిరిగేది తక్కువ.

పొద్దున్నే సెల్ఫ్ కొడితే అంటుకుంటుంది గానీ మొదటి రెండు నిమిషాలు మిస్ కొడుతుంది, ఆక్సిలేటర్ మీద కాలు తీస్తే ఆగిపోతుంది. సిగ్నల్ దగ్గర ఐడిల్ పైకీ కిందికీ ఊగుతుంటుంది. మైలేజీ పద్నాలుగు నుంచి పదిన్నరకి పడిపోయింది. పోయిన నెల అమ్మానాన్నల్ని కోటప్పకొండ తీసుకెళ్తే ఘాట్ మీద రెండో గేరులో ఇంజను టకటకమని ఒకటే చప్పుడు. నాన్న పక్క సీట్లో కూర్చుని ఏమీ అనలేదు, కిటికీ అద్దం దించి ఆ చప్పుడే వింటూ కూర్చున్నారు. నాకు చాలా బాధేసింది.

ఒక మెకానిక్ 'లోపల కార్బన్ పట్టేసింది, హెడ్డు (ఇంజను పైభాగం) దింపి డీకార్బ్ చేయాలి, ఇరవై వేలు అవుతుంది' అన్నాడు. ఇంకొకాయన 'ఎందుకండీ, ట్యాంకులో ఒక డబ్బా పోయండి, అదే కడిగేస్తుంది' అన్నాడు. ఆర్సీ రెన్యూవల్ కూడా దగ్గరకొచ్చింది, పొల్యూషన్ చెక్‌లో సీఓ (కార్బన్ మోనాక్సైడ్) 0.9 చూపించి ఫెయిలైంది. మా బండికి 0.5 దాటకూడదట. ఎవరి మాట వినాలి?

వరంగల్ శాంట్రో (హనుమకొండ) | జూన్ 3, రాత్రి 10:15

అన్నా, నాది 2004 శాంట్రో. ఆర్నెల్లకోసారి ఇంజెక్టర్ క్లీనర్ పోస్తాను, ఎనిమిదేళ్ళుగా ఇదే అలవాటు. ఇప్పటిదాకా హెడ్డు విప్పలేదు. ఇరవై వేలకు ఒప్పుకోకముందు మూడొందలో ఐదొందలో పెట్టి ఒకసారి పోసి చూస్తే పోయేదేముంది?

ఆటోనగర్ మేస్త్రి (విజయవాడ) | జూన్ 4, ఉదయం 6:05

తమ్ముడూ, డబ్బా ఇప్పుడే కొనకు, హెడ్డూ దింపించకు. ముందు నాలుగు ప్లగ్గులూ విప్పించు. ఏ ప్లగ్గు ఏ సిలిండర్‌దో తారుమారు కాకుండా వరసగా పేపరు మీద పెట్టి ఫొటో తీసి ఇక్కడ పెట్టు. ఎలక్ట్రోడ్ దగ్గర లేత గోధుమ రంగుంటే బాగున్నట్టు. పొడి మసిలా నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ తాగుతోంది. జిడ్డుగా తడిగా ఉంటే ఆయిల్ పైకొస్తోంది. ఈ రెండు నలుపులూ వేరు, వీటికి మందులూ వేరు.

తర్వాత సిలిండర్లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజి పెట్టించు. మామూలుగా ఒకసారి, ప్లగ్గు కన్నంలో ఒక చెంచా ఇంజనాయిల్ పోసి ఇంకోసారి. ఆయిల్ పోశాక ముల్లు పైకెళితే పిస్టన్ రింగుల దగ్గర తేడా. పోసినా కదలకపోతే వాల్వులు సరిగా కూర్చోవడం లేదన్నమాట.

ఇంకొక మాట. ఇంజను బాగా వేడెక్కాక, అరగంట నడిపిన తర్వాత, టెంపరేచర్ ముల్లు ఎక్కడుంటుందో చూసి చెప్పు.

కెమిస్ట్రీ మాస్టారు (రాజమండ్రి) | జూన్ 4, ఉదయం 8:30

మేస్త్రిగారు అడిగినవి వచ్చేలోపు ఈ డబ్బాల్లో ఏముంటుందో చెప్తాను. ఇది తెలిస్తే సగం గొడవ తీరిపోతుంది.

డబ్బా ఖరీదు మూడొందలైనా వెయ్యైనా అందులో ఎక్కువ భాగం కిరసనాయిలు జాతి ద్రావకమే. పని చేసేది దాంట్లో కలిపిన డిటర్జెంట్. అది రెండు మూడు రకాలు. పాలీఐసోబ్యూటిలిన్ అమీన్ అని ఒకటి, పాలీఈథర్ అమీన్ అని ఇంకొకటి. రెండోదాన్ని పీఈఏ అంటారు. రెండూ సబ్బు లాంటివే. అణువు తలభాగం మురికిని పట్టుకుంటుంది, తోకభాగం పెట్రోల్లో కరిగి ఉంటుంది, పట్టుకున్న మురికి పెట్రోలుతో పాటు కొట్టుకుపోతుంది. తేడా వేడి దగ్గర వస్తుంది. మొదటిది ఇంజెక్టర్నీ ఇన్‌టేక్ వాల్వునీ శుభ్రం చేస్తుంది గానీ సిలిండర్ లోపలికి వెళ్ళాక అదే కొంత మసిగా మిగిలిపోవచ్చు. పీఈఏ ఆ వేడికి తట్టుకుంటుంది, పిస్టన్ తల మీది కార్బన్ మీద కూడా కొంత పని చేస్తుంది, మండాక తనేమీ మిగల్చదు. టెక్రాన్ లాంటి డబ్బాల పేరంతా దీనివల్లే. డబ్బా కొనేముందు దాని సేఫ్టీ డేటా షీట్ నెట్లో దొరికితే చూడండి. పీఈఏ ఉన్నట్టు ఎక్కడా లేకపోతే, బొమ్మ ఎంత బాగున్నా నేనైతే కొనను.

ఒకటి మాత్రం గట్టిగా పట్టుకోండి. ట్యాంకులో పోసింది పెట్రోలు వెళ్ళే దారిలోనే వెళ్తుంది. ఎస్టీమ్ లాంటి ఎంపీఎఫ్ఐ (సిలిండరుకో ఇంజెక్టర్ ఉన్న) బండిలో ఇంజెక్టర్ పెట్రోల్ని ఇన్‌టేక్ వాల్వు వీపు మీదకి చిమ్ముతుంది కాబట్టి వాల్వు తడుస్తుంది, కడగబడుతుంది. థ్రాటిల్ బాడీ (ఇంజన్లోకి గాలి వదిలే తలుపు) దానికి ముందే ఉంది, అక్కడికి పెట్రోలు చుక్క వెళ్ళదు. మీ ఐడిల్ ఊగడానికి థ్రాటిల్ బాడీ మురికే కారణమైతే ఎన్ని డబ్బాలు పోసినా అది అలాగే ఊగుతుంది. ఈమధ్య వచ్చే డైరెక్ట్ ఇంజెక్షన్ బండ్లలో పెట్రోలు నేరుగా సిలిండర్లోకే వెళ్తుంది. వాటి ఇన్‌టేక్ వాల్వుల మీది కార్బన్‌ని ట్యాంకులో పోసే మందేదీ ముట్టుకోలేదు. విప్పి, అక్రోటు పెంకుల పొడిని గాలితో కొట్టి శుభ్రం చేస్తారు.

డాలస్ తెలుగువాడు (టెక్సాస్) | జూన్ 4, ఉదయం 9:10

మాస్టారుగారు చెప్పిన డిటర్జెంట్ ఇక్కడ బంకుల్లో కొట్టే పెట్రోల్లోనే ఉండాలని 1995 నుంచి రూలుంది. ఆ రూలు చెప్పిన మోతాదు చాలదని కొన్ని కార్ల కంపెనీలు కలిసి 2004లో 'టాప్ టియర్' అని ఇంకా గట్టి ప్రమాణం పెట్టాయి. 2016లో ట్రిపుల్ ఏ (ఇక్కడి వాహనదారుల సంఘం) వాళ్ళు పరీక్ష చేస్తే, టాప్ టియర్ కాని పెట్రోల్లో సగటున 19 రెట్లు ఎక్కువ మురికి పేరుకుంది. అంటే ఏడాదికోసారి డబ్బా పోసి కడగడం కంటే రోజూ పోసే పెట్రోల్లో కొంచెం కొంచెం ఉండటం మేలని నాకనిపిస్తుంది. మన దగ్గర స్పీడ్, పవర్, ఎక్స్‌పీ95 లాంటి ప్రీమియం పెట్రోళ్ళలో కూడా ఈ రకం మందులు కలుపుతారు కదా. ఎవరైనా వరసగా వాడి చూశారా?

వరంగల్ శాంట్రో | జూన్ 4, ఉదయం 11:50

మాస్టారూ, నా డబ్బా వెనక చూశాను. పీఈఏ అని ఎక్కడా లేదు. 'హైడ్రోకార్బన్లు' అని మాత్రమే ఉంది. ఎనిమిదేళ్ళూ దీన్నే పోశాను.

కెమిస్ట్రీ మాస్టారు | జూన్ 4, మధ్యాహ్నం 1:20

మీ బండి బాగుందంటే మీరు ఆయిల్ టైముకి మారుస్తున్నారు, హైవే మీద తిప్పుతున్నారు అని నా అంచనా. డబ్బా చెడు చేసి ఉండదు. అది మేలు చేసిందని మాత్రం చెప్పలేం.

కరీంనగర్ డీజిల్ (కరీంనగర్) | జూన్ 4, రాత్రి 8:05

గుంటూరు అన్నా, మీకు చెప్పాల్సిన సంగతొకటుంది. ట్యాంకులో పోసేది వేరు, ఇంజనాయిల్లో పోసే ఫ్లష్ వేరు. రెండింటినీ ఒకటే అనుకుని నేను దెబ్బతిన్నాను. మా మామ దగ్గర కొన్న పాత పెట్రోలు కారు, ముందు ఆయిల్ ఎప్పుడు మార్చారో ఎవరికీ తెలియదు. ఆయిల్ మూత తీస్తే లోపల నల్లటి తారు ముద్ద. ఊళ్ళో ఒక షెడ్డులో ఫ్లష్ పోసి పది నిమిషాలు ఐడిల్‌లో నడిపి దించేశారు, కొత్త ఆయిల్ పోశారు. నలభై కిలోమీటర్లు పోయానో లేదో ఆయిల్ లైటు వెలిగింది. వెంటనే ఆపాను కాబట్టి ఇంజను మిగిలింది. సంపు (ఇంజను కింద ఆయిల్ ఉండే తొట్టి) విప్పితే, ఫ్లష్ ఊడగొట్టిన పెళ్ళలన్నీ ఆయిల్ లాగే జల్లెడకి అడ్డం పడి ఉన్నాయి. టీ వడపోసే జల్లెడలో పొడి అడ్డుపడితే ఎట్లుంటదో అట్లా. ఇరవై ఏళ్ళ మురికిని పది నిమిషాల్లో ఊడగొట్టాలని చూడకండి.

అట్లనే నా ప్రశ్న కూడా. ఇప్పుడు నాది 2010 డీజిల్ స్విఫ్ట్. పికప్ తగ్గింది, నల్లపొగ వస్తుంది. డీజిల్ ట్యాంకులో పోసే మందుతో పోతుందా?

ఆటోనగర్ మేస్త్రి | జూన్ 5, ఉదయం 6:20

కరీంనగర్ తమ్ముడూ, మా షెడ్డులో ఆ గోల చాలాసార్లు చూశాం. అలాంటి ఇంజనుకు మంచి ఆయిల్ పోసి వెయ్యి పదిహేనొందల కిలోమీటర్లకే దించెయ్యాలి, మళ్ళీ పోసి మళ్ళీ దించాలి. మూడు నాలుగు సార్లయ్యేటప్పటికి మురికి దానంతటదే కరిగి దిగుతుంది. ఫిల్టరు ప్రతిసారీ కొత్తది వెయ్యాలి.

నీ డీజిల్‌కి మందు పోస్తే ఇంజెక్టర్ మొన శుభ్రపడితే పడుతుంది. పికప్ పోయింది మాత్రం ఈజీఆర్ వల్ల అయ్యుంటుంది. పొగ కొంత మళ్ళీ లోపలికి పోయే దారి అది. ఆ పొగలోని మసి, ఇంజనాయిలు ఆవిరి కలిసి మానిఫోల్డులో పేడలాగా గట్టిపడతాయి. డీజిల్ ఆ దారిలో పోదు. ఈజీఆర్ వాల్వు విప్పి చేత్తో కడగాల్సిందే. కొంతమంది దానికి రేకు ముక్క పెట్టి మూసేస్తారు. ఆ పని చేయించకు, ఎన్ఓఎక్స్ (నైట్రోజన్ ఆక్సైడ్లు) పెరిగి బయట గాలి చెడిపోతుంది, అది చట్టప్రకారం కూడా తప్పు.

గుంటూరు ఎస్టీమ్ | జూన్ 7, సాయంత్రం 6:30

మేస్త్రిగారూ, ప్లగ్గులు విప్పించాను. ఒకటి, రెండు, మూడు పొడి మసి. వేలు పెడితే కాటుకలాగా అంటింది. నాలుగోది మాత్రం జిడ్డు, దారాల దగ్గర దాకా తడి. కంప్రెషన్ 165, 160, 168, నాలుగో సిలిండర్ 140. ఆయిల్ పోస్తే నాలుగోది 160కి వెళ్ళింది.

టెంపరేచర్ ముల్లు అరగంట నడిపినా పావు గీత దాటదు. ఎండాకాలంలో కూడా అంతే. బండి చల్లగా ఉందని ఇన్నాళ్ళూ సంతోషపడ్డాను.

ఫోనుకి తగిలించుకునే బోరోస్కోపు కెమెరా మా తమ్ముడి దగ్గరుంటే ఇన్‌టేక్ దారిలో పెట్టి చూశాం. వాల్వు వెనక అంతా, పకోడీలు వేసీ వేసీ ఎన్నాళ్ళూ తోమని మూకుడు బయటివైపు ఎలా ఉంటుందో అలా ఉంది. నల్లగా, గడ్డలు గడ్డలుగా, మధ్యలో పగుళ్ళు. కాడ ఎక్కడుందో కూడా తెలియట్లేదు.

ఆటోనగర్ మేస్త్రి | జూన్ 7, రాత్రి 8:10

దొరికింది తమ్ముడూ. నీ ఇంజనుకి థర్మోస్టాట్ వాల్వు లేదు. ఎవరో పీకేశారు.

మన దగ్గర ఇదొక పాడలవాటు. ఎండాకాలంలో బండి కాగితే, రేడియేటర్ బాగుచేసే బదులు థర్మోస్టాట్ తీసి పారేస్తారు. నీళ్ళు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి, ముల్లు లేవదు, ఓనరు సంతోషిస్తాడు. ఆ వాల్వు ఉన్నదే 82 డిగ్రీల దాకా నీళ్ళని ఆపి ఇంజన్ని తొందరగా వేడెక్కించడానికి. ఇంజను ఇంకా చల్లగానే ఉందని సెన్సారు చెప్తుంటే ఈసీఎం (ఇంజను కంప్యూటరు) పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. నువ్వు పోయేదేమో నాలుగు కిలోమీటర్లు. ప్లగ్గు తన మసిని తనే కాల్చుకోవాలంటే దాని మొన దాదాపు ఐదొందల డిగ్రీలకి రావాలి, నీ బండికి ఆ అవకాశమే రాలేదు. మూడు ప్లగ్గుల కాటుక, మైలేజీ పోవడం, పొల్యూషన్‌లో సీఓ, అన్నిటికీ మూలం ఒకటే. ఇది పెట్టకుండా బంగారం కరిగించి పోసినా మూడు నెలల్లో మళ్ళీ ఇదే కార్బన్.

నాలుగో సిలిండర్ సంగతి వేరు. ఆయిల్ పోస్తే ముల్లు లేచిందంటే రింగులు. అరిగాయా, కార్బన్ పట్టి గాడిలో బిగుసుకుపోయాయా అన్నది ఇంకా చెప్పలేం. బిగుసుకున్నవైతే విడిపించవచ్చు. అరిగినవాటికి ఏ మందూ లేదు.

వరస చెప్తా. థర్మోస్టాట్ వేయించు, కూలెంట్ పోయించు, ఉత్త నీళ్ళు వద్దు. థ్రాటిల్ బాడీ విప్పి స్ప్రే కొట్టి గుడ్డతో తుడిపించు. నాలుగో సిలిండర్ని ఒక రాత్రి నానబెట్టించు. ఆ తర్వాతే మాస్టారు చెప్పిన డబ్బా.

కెమిస్ట్రీ మాస్టారు | జూన్ 7, రాత్రి 9:00

ఇన్ని రోజుల్లో ఇక్కడ చదివిన మంచి జవాబుల్లో ఇదొకటి. పొద్దున మిస్ కొట్టడం గురించి ఒక్క మాట కలుపుతాను. వాల్వు వీపు మీది ఆ గడ్డ స్పాంజి లాంటిది. చల్లటి ఇంజన్లో ఇంజెక్టర్ చిమ్మిన పెట్రోల్ని ముందు అదే పీల్చుకుంటుంది. సిలిండర్‌కి చాలినంత అందక ఇంజను తడబడుతుంది. వేడెక్కాక సర్దుకుంటుంది. ఘాట్ మీది టకటక వేరే. పిస్టన్ తల మీద కార్బన్ మందంగా పేరుకుంటే లోపల జాగా తగ్గి కంప్రెషన్ రేషియో పెరుగుతుంది, పైగా ఎర్రగా కాలిన కార్బన్ మొన స్పార్కు కంటే ముందే అంటించగలదు.

విశాఖ 800 (గాజువాక) | జూన్ 8, మధ్యాహ్నం 12:15

మేస్త్రిగారూ, నాది 1997 మారుతి 800, కార్బ్యురేటర్ బండి. మా వారి మేనమామ ఇచ్చింది, నేనే నడుపుతాను, నేనే చూసుకుంటాను. ఆయన పెట్రోలు ట్యాంకులో కలరా ఉండలు వేసేవారట, మైలేజీ వస్తుందని, కార్బన్ పట్టదని. ఇప్పుడు నన్నూ వెయ్యమంటున్నారు. పెద్దాయన మాట కాదనలేకపోతున్నాను. ఇంకా, నా బండికి ఈ పీఈఏ డబ్బా పనికొస్తుందా?

ఆటోనగర్ మేస్త్రి | జూన్ 8, రాత్రి 7:50

అమ్మా, కలరా ఉండలు వద్దే వద్దు. కరిగినంతసేపూ బాగానే ఉన్నట్టుంటుంది. తర్వాత ఎక్కడైనా గడ్డకడితే కార్బ్యురేటర్ జెట్టులో అడ్డం పడుతుంది. ఆ కన్నం సూదిమొన అంత. థిన్నరు, అసిటోన్ కలపమనే వాళ్ళూ ఉంటారు, అవి రబ్బరు పైపుల్ని తినేస్తాయి. ఆయనతో నా పేరు చెప్పు, విజయవాడ ఆటోనగర్లో ముప్పై నాలుగేళ్ళుగా స్పానరు పట్టినవాడు వద్దన్నాడని.

డబ్బా పోస్తే 800కి చెడేమీ ఉండదు, వాల్వులకి కొంత మేలే. కానీ కార్బ్యురేటర్ జిగురుకి దాన్ని విప్పి, స్ప్రే కొట్టి, గాలి పట్టి ఊదడమే తగిన పని. గంట పని. ఇప్పుడొచ్చే పెట్రోల్లో ఇథనాల్ ఎక్కువ కాబట్టి ట్యాంకు అడుగు జిగురంతా కరిగి ఫిల్టర్లోకి వస్తుంది. ముందు ఫ్యూయల్ ఫిల్టరు, రబ్బరు పైపులు కొత్తవి వేయించుకో. పైపు మెత్తబడి చెమ్మగిల్లితే నిప్పు ప్రమాదం, అది కార్బన్ కంటే ముఖ్యం.

కార్బన్ అంటే నాకు చేతక్ స్కూటర్లే గుర్తొస్తాయి. టూ స్ట్రోక్ కాబట్టి పెట్రోల్లోనే ఆయిల్ కలిపేవాళ్ళం, సైలెన్సర్ మూసుకుపోయి బండి లాగేది కాదు. మా గురువుగారు సైలెన్సర్ విప్పి కొలిమిలో పెట్టించేవారు. లోపలి ఆయిలు మసి అంటుకుని, చివరన ఎర్రటి మంట వచ్చి, చల్లారాక కొడితే బూడిద రాలేది. మళ్ళీ బిగించగానే బండి కొత్తదాన్లా ఉరికేది. అంబాసిడర్ హెడ్డు దింపితే నాకిచ్చే పని వాల్వులు నూరడం. గ్రైండింగ్ పేస్టు రాసి, రబ్బరు గిన్నె ఉన్న కర్రని వాల్వుకి అతికించి రెండు అరచేతుల మధ్య మజ్జిగ చిలికినట్టు తిప్పాలి. అయ్యాక పోర్టులో కిరసనాయిలు పోసి పెట్టేవారు. అన్నం తిని వచ్చేలోపు ఒక్క చుక్క కారినా మళ్ళీ మొదటి నుంచీ.

హైదరాబాద్ జెన్ (మల్కాజిగిరి) | జూన్ 9, ఉదయం 10:30

హైడ్రోజన్ మిషను పెట్టి కార్బన్ తీస్తామంటున్నారు, ఎవరైనా చేయించారా? నేను పోయినేడాది రెండు వేలు పెట్టి చేయించాను. గొట్టం ఇన్‌టేక్‌కి తగిలించి నలభై నిమిషాలు ఐడిల్‌లో ఉంచారు. రెండు రోజులు సాఫీగా ఉందనిపించింది. తర్వాత బోరోస్కోపుతో చూస్తే పిస్టన్ తల ముందెలా ఉందో అలాగే ఉంది. చేయించక ముందు తీసిన ఫొటో నా దగ్గర ఉండబట్టి తెలిసింది. ఏం చేయించినా ముందు ఒక ఫొటో తీసి పెట్టుకోండి.

గుంటూరు ఎస్టీమ్ | జూన్ 15, రాత్రి 9:20

చేసినవి వరసగా రాస్తున్నాను.

థర్మోస్టాట్ హౌసింగ్ విప్పితే మేస్త్రిగారు చెప్పినట్టే లోపల ఖాళీ. కొత్తది వేయించాను. ఆ సాయంత్రమే ముల్లు సగానికి వచ్చి అక్కడే ఆగింది. ఈ బండిలో ముల్లు సగంలో నిలబడటం నేను మొదటిసారి చూడటం. కొంచెం కంగారుపడి నాన్నకి చూపిస్తే, 'కొత్తలో ఇక్కడే ఉండేదిరా' అన్నారు.

థ్రాటిల్ బాడీ రేకు అంచున నల్లటి జిగురు వలయం ఉంది. స్ప్రే కొట్టి తుడిచాక ఐడిల్ ఊగడం ఆ రోజే తొంభై శాతం పోయింది. దీనికి అయిన ఖర్చు ఒక స్ప్రే డబ్బా, పాత బనీను గుడ్డ.

నాలుగో సిలిండర్ని శనివారం రాత్రి నానబెట్టాం. డీజిలు, ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సులో పోసే) ఆయిలు సగం సగం కలిపి ప్లగ్గు కన్నంలోంచి పిస్టన్ మీద పోసి వదిలేశాం. పొద్దున చూస్తే చాలా వరకు కిందికి దిగిపోయింది. మిగిలింది సిరంజికి సన్న గొట్టం పెట్టి లాగాం. ఫ్యూయల్ పంపు ఫ్యూజు పీకి, ఇగ్నిషన్ కనెక్షన్ తీసి, ప్లగ్గులు పెట్టకుండానే, కన్నాల మీద మందపాటి గుడ్డ కప్పి సెల్ఫ్ కొట్టాం. గుడ్డ మీద నల్లటి చారలు పడ్డాయి. వెంటనే ఇంజనాయిల్, ఫిల్టరు మార్పించాను. మొదటిసారి స్టార్ట్ చేస్తే వీధంతా తెల్లటి పొగ, పక్కింటివాళ్ళు బయటికొచ్చారు. పది నిమిషాలకి తగ్గింది.

ఆటోనగర్ మేస్త్రి | జూన్ 15, రాత్రి 10:00

పని పద్ధతిగా చేశావు. ఇది చదివి ఇంకెవరైనా చేస్తే, ప్లగ్గులు బిగించి సెల్ఫ్ కొట్టవద్దు. ద్రవం నలగదు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. సిగరెట్టు గానీ దీపం గానీ దగ్గర్లో ఉండకూడదు. నానబెట్టిన ఆయిల్ సంపులో కలిసే ఉంటుంది, దాంతోనే బండి తిప్పవద్దు.

ఇప్పుడు డబ్బా పోయి. నలభై లీటర్ల ట్యాంకు కాబట్టి దాని మీద రాసిన కొలత చూసుకో, ఎక్కువ పోస్తే ఎక్కువ పని చేస్తుందనుకోకు. ఆక్టేన్ బూస్టర్ వేరే సరుకు, అది తేవద్దు. వాటిల్లో కొన్ని ప్లగ్గు మీద ఇటుక రంగు పొర కట్టిస్తాయి. పోశాక ఊళ్ళో తిప్పితే లాభం లేదు, ఒంగోలు దాకా పోయి రా. నాలుగో గేరులోనే మూడు, మూడున్నర వేల ఆర్పీఎం మీద నిలకడగా లాగించు.

గుంటూరు ఎస్టీమ్ | జూలై 20, రాత్రి 8:45

ఆలస్యానికి క్షమించండి, రెండు ట్యాంకులు అయ్యాక రాద్దామని ఆగాను.

పీఈఏ ఉందని డేటా షీట్లో చూసుకుని కొన్నాను, తొమ్మిదొందలైంది. ఒంగోలు వెళ్ళొచ్చిన రోజు తేడా ఏమీ తెలియలేదు. మొదటి ట్యాంకు అయిపోవచ్చే సమయానికి పొద్దున మిస్ కొట్టడం తగ్గింది. రెండో ట్యాంకుకి ఇంకో డబ్బా పోశాను. ఇప్పుడు పొద్దున పది సెకన్లు తడబడి సర్దుకుంటుంది. బోరోస్కోపులో చూస్తే వాల్వు కాడ ఇనుము బయటపడింది, వీపు మీద అక్కడక్కడ బూడిద రంగు మచ్చలు, ఒక పక్క మాత్రం గడ్డ అలాగే ఉంది. పిస్టన్ తల మీద నలుపు పలచబడింది, పూర్తిగా పోలేదు. మైలేజీ 12.8. సీఓ 0.3 వచ్చి పొల్యూషన్ సర్టిఫికెట్ చేతికొచ్చింది. నాలుగో సిలిండర్ కంప్రెషన్ 152.

అయితే ఆయిల్ ఇంకా తగ్గుతోంది. పొద్దున స్టార్ట్ చేయగానే నీలిపొగ ఒక్క గుప్పెడు వచ్చి ఆగిపోతుంది.

వరంగల్ శాంట్రో | జూలై 20, రాత్రి 9:15

దీంట్లో డబ్బా వల్ల వచ్చిందెంత, థర్మోస్టాట్ వల్ల వచ్చిందెంత అన్నా?

గుంటూరు ఎస్టీమ్ | జూలై 20, రాత్రి 9:40

నేను రాసిపెట్టుకున్నదాన్ని బట్టి, డబ్బా పోయకముందే మైలేజీ పదిన్నర నుంచి పన్నెండుకి వచ్చేసింది. సీఓ తగ్గింది కూడా అప్పుడే అనుకుంటున్నాను, మధ్యలో చెక్ చేయించలేదు. డబ్బా వల్ల పొద్దున తడబాటు పోయింది, అది కళ్ళారా చూశాను.

ఆటోనగర్ మేస్త్రి | జూలై 21, ఉదయం 6:10

రాత్రంతా ఆగి ఉన్న బండి పొద్దున ఒక్క గుప్పెడు నీలిపొగ వదిలి ఊరుకుందంటే వాల్వు సీళ్ళు గట్టిపడ్డాయి. రింగులైతే రోజంతా పొగ వస్తుంది. సీళ్ళు రబ్బరు, వాటిని ఏ డబ్బా మెత్తబరచలేదు. మారిస్తే ఆయిల్ కారడం ఆగుతుంది, ఆ ఆయిలే వాల్వు వీపు మీద కార్బనయ్యేది.

దీనికీ హెడ్డు దింపక్కర్లేదు. ప్లగ్గు కన్నంలోంచి మెత్తటి తాడు లోపలికి పంపి, చేత్తో క్రాంక్ తిప్పి పిస్టన్ని పైకి తెస్తే, తాడు ముద్దై వాల్వుల్ని కింద నుంచి ఎత్తిపట్టుకుంటుంది. అప్పుడు పైన స్ప్రింగు విప్పి సీలు మార్చవచ్చు. తాడు కొస బయటే ఉండాలి. పదహారు వాల్వులు కాబట్టి ఓపికగా చేసేవాణ్ణి చూసుకో, లేదా ఒక పొద్దున్నే విజయవాడ వచ్చెయ్యి.

గుంటూరు ఎస్టీమ్ | ఆగస్టు 11, రాత్రి 9:05

మేస్త్రిగారి షెడ్డుకే వెళ్ళాను. తాడు పద్ధతి దగ్గరుండి చూశాను. పాత సీళ్ళు వేళ్ళ మధ్య నొక్కితే ప్లాస్టిక్ ముక్కల్లా పెళ్ళున విరిగాయి. నీలిపొగ పోయింది. అన్నీ కలిపి ఏడు వేల లోపే అయింది.

నిన్న అమ్మానాన్నలతో కోటప్పకొండ వెళ్ళాం. అదే ఘాట్, అదే రెండో గేరు. ఒక మలుపు దగ్గర మాత్రం కొంచెం టకటకమంది, మూడు నాలుగు సెకన్లు. నాన్న అద్దం దించి విన్నారు. కొండ మీద బండి ఆపాక బానెట్ ఎత్తమని, ఇంజను మీద చెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డారు. దిగేటప్పుడు తనే నడుపుతానన్నారు.

విశాఖ 800 | ఆగస్టు 12, ఉదయం 7:30

చదివి చాలా సంతోషమేసిందండీ. పైపులు, ఫిల్టరు మార్పించాను. మా వారి మేనమామగారికి మేస్త్రిగారి మాట చెప్తే ఒప్పుకున్నారు. నా బండిలో కూడా ముల్లు పావు దగ్గరే ఉంటోంది. 800కి థర్మోస్టాట్ దొరుకుతుందా? దాంతో పాటు ఇంకేమైనా కొనాలా?

ఆటోనగర్ మేస్త్రి | ఆగస్టు 12, రాత్రి 8:20

దొరుకుతుందమ్మా. గాజువాక ఆటోనగర్లోనే అడుగు. గాస్కెట్ కూడా కొత్తది తీసుకో. వేసేటప్పుడు స్ప్రింగు వైపు ఇంజను లోపలికి ఉండాలి, చిన్న గాలి కన్నం ఉంటే అది పైకి ఉండాలి. ముందు రేడియేటర్ కడిగించు. ఎప్పుడో బండి కాగితేనే దాన్ని పీకి ఉంటారు, ఆ జబ్బు ఇంకా అక్కడే ఉండి ఉండవచ్చు.